సీసం మీద చదువు

కంపోజిటర్ కుడిచెయ్యి గళ్లపెట్టెలోంచి సీసపు అక్షరాలు ఏరుతుంటే ఎడమచేతిలోని ఇత్తడి పట్టీలో వరస నిండుతోంది. పక్కన పాదిరిగారి భార్య నిలబడి ఆఖరి పేజీ పైకి చదువుతోంది.

"తరవాతేమయిందమ్మా?"

"ముందు ఇది కూర్చు తమ్ముడూ!"

ఆ ఆత్రం ముప్ఫై ఏళ్లనాటిది. అచ్చుయంత్రంతో సహా ఓడ దిగిన పాదిరిగారు ఇక్కడి మాట నేర్చి, తన మతగ్రంథాన్ని ఇందులోకి తెచ్చి, రోజూ తానే పైకి చదివేవారు. ఇతను విని కూర్చేవాడు. అచ్చయిన పేజీ విప్పి గళ్లలో పోస్తేగాని తరవాతి పేజీకి అక్షరాలు చాలవు. కూర్చి, విప్పి, కూర్చి, విప్పి, జుట్టు నెరిసింది. పదిరోజులుగా పాదిరిగారు మేడమీద మంచం దిగలేదు.

అక్షరం ముక్క రానివాళ్లు లోకంలో బోలెడుమంది. ఇతనికి ముక్కలే వచ్చు! చదువు తలకెక్కలేదనడానికి వీల్లేదు, ఎక్కింది, తలకిందులుగా. బడి గడప తొక్కకుండా సీసం మీదే నేర్చాడు గనక అక్షరం తిరగబడి ఉంటేనే చదవగలడు. కాగితం మీద సవ్యంగా పడిందా, చీమలబారే. ఈ గుట్టు తన ఇంటావిడకు తప్ప ఎవరికీ తెలియదు. తెలిస్తే పని పోతుంది. అచ్చుపని తప్ప అచ్చొచ్చిన పని మరోటి లేదాయె.

యంత్రం దగ్గర పనిచేసే అతని బామ్మర్ది సిరా పూసి, నొక్కి, కాగితం తీశాడు. పాదిరిగారి భార్య దాన్ని కంపోజిటర్ చేతిలో పెట్టింది.

"పైకొచ్చి చదువు. ఆయన నీ నోట వినాలంటున్నారు. మా నోట్లో యాస పోదు కదా. ఇన్నేళ్ల పని మీ మాటలా ఉందో లేదో తెలియాలట."

అతను కాగితాన్ని తలకిందులు చేశాడు. తిరగేసి వెలుతురుకు పట్టాడు. వెనకా అచ్చే, రెండూ కలిసిపోయాయి!

"కాగితం తడిగా ఉందమ్మా, చెదిరిపోద్ది. సీసమే తెస్తా."

"పేజీని మోసుకెళ్తావా? మతిపోయిందా బావా?" అన్నాడు బామ్మర్ది.

"ఉన్న మతి పోకుండానేరా."

ఇనపచట్రం బిగించి, ఇరవైరెండు మెట్లూ రొప్పుతూ ఎక్కి, దుప్పటి మీద పాదిరిగారి పక్కన పెట్టి, వేలితో తడుముతూ చదివాడు. పాదిరిగారు కళ్లు మూసుకుని విన్నారు.

"ఇది నేను రాసినట్టు లేదే," అన్నారు.

కంపోజిటర్ వేలు వరస మీదే ఆగిపోయింది.

"మీ అమ్మ చెప్పినట్టుంది. చదువు."

ఆయన చెయ్యి చాచి అక్షరాలు తాకబోయారు. వేళ్లకు సిరా అంటకుండా ఆవిడ దుప్పటి అంచును చట్రం మీదికి లాగింది. పైన ఆ చెయ్యి బరువుగా ఆనింది. గుడ్డ కప్పని కింది వరసలన్నీ కంపోజిటర్ చదివాడు. ఆఖరి మాట అయ్యాక కూడా చెయ్యి లేవలేదు.

చాలాసేపటికి ఆవిడే దాన్ని తీసి ఆయన గుండెల మీద పెట్టింది. దుప్పటి అంచు ఎత్తి తిరగేసింది. చెయ్యి ఆనినచోట రెండు వరసలు అచ్చుపడి ఉన్నాయి.

కంపోజిటర్ వాటినే చూస్తూ ఉండిపోయాడు. భయం కంటే ఆత్రమే గెలిచింది.

"అవి ఏ వరసలమ్మా?"

"ఇందాక నువ్వేగా చదివావు?"

"సీసం మీద చదివానమ్మా. సవ్యంగా ఉంటే నాకు రాదు."

ఆవిడ అతన్నీ చట్రాన్నీ మార్చి మార్చి చూసింది. కళ్లు తుడుచుకుని, వంగి, ఒక్కో మాట కింద వేలు నడిపిస్తూ చదివింది. అతను పెదాలు కదుపుతూ ఆ వేలి వెంటపడ్డాడు.

తెల్లటి దుప్పటి అంచున, నడుమ వేళ్ల సందంత ఖాళీతో, రెండు నల్లటి వరసలు ఇంకా తడారలేదు.