రాణిగారి టీకా

రెండు వేల మూడు ఫిబ్రవరి. అమెరికాలోని నోవైలో మంచు మోకాలి లోతు పేరుకున్న శనివారం ఉదయం డాక్టర్ మృదుల వంటింట్లో నిలబడి స్వెట్టర్ చెయ్యి మరోసారి కిందికి లాక్కుంది. లోపల కట్టు కింద మశూచి టీకా పొక్కు చీము పట్టింది. టెర్రరిస్టులెవరైనా ఆ రోగాన్ని కావాలని వదులుతారేమోనని ఆసుపత్రుల్లో డాక్టర్లకు ముందుగా వేస్తున్నారు. ఎగ్జిమా అనే దురద చర్మవ్యాధి ఎప్పుడైనా వచ్చిన పిల్లలకు ఆ చీము అంటితే ఒళ్ళంతా పాకుతుంది. ఇంట్లో ఎవరికైనా ఎప్పుడైనా ఎగ్జిమా వచ్చిందా అని ఫారంలో అడిగితే, మృదుల ‘లేదు’ దగ్గర టిక్ పెట్టింది. కూతురు ఇషాకి రెండేళ్ళప్పుడు వచ్చి పోయింది. ఇప్పుడు పదేళ్ళు. కొత్త ఉద్యోగం, వెనకాడితే ఏమనుకుంటారో అని భయపడింది.

హాల్లో ఇషా మెరూన్ వెల్వెట్ గౌను వేసుకుని నానమ్మ ముందు నిలబడింది. సోమవారం స్కూల్లో ఒక్కొక్కరు ఒక్కో గొప్ప మనిషి అవ్వాలి.

“నేను కేథరిన్, రష్యా క్వీన్. జర్మనీ నుంచి కోడలిగా వచ్చాను. హస్బెండ్‌ని తీసేసి థర్టీ ఫోర్ ఇయర్స్ నేనే రూల్ చేశాను.”

“అబ్బో! మీ అమ్మ ఇంకా అంత దూరం పోలేదే!” కామేశ్వరి నవ్వింది.

“నానమ్మా, డోంట్ లాఫ్! స్మాల్‌పాక్స్ అంటే చాలా భయం నాకు. ఇంగ్లండ్ డాక్టర్‌ని పిలిచి ఫస్ట్ నేనే టీకా చేయించుకున్నాను. నేను చనిపోతే ఆయన పారిపోవాలి కదా, అందుకే హార్సెస్ రెడీగా పెట్టించాను. ఎవరికీ అంటకుండా ఊరి బయట ప్యాలెస్‌లో ఉన్నాను.”

“మా ఊళ్ళో అమ్మవారు పోస్తే గుమ్మానికి వేపమండ కట్టేవాళ్ళు. అది చూసి జనం వెనక్కి తిరిగేవాళ్ళు. ఒక్క ఇంటివాళ్ళే కట్టకుండా దాచారు. ఆ ఇంటికే నేను ఆడుకోవడానికి వెళ్ళాను. ఇదిగో.” కామేశ్వరి తన చెంప మీది స్ఫోటకం మచ్చలు చూపించింది.

మృదుల కాఫీ గ్లాసు గట్టు మీద పెట్టేసింది.

“అమ్మా, ఈ డ్రెస్ ఇచింగ్!” మోచేయి గోక్కుంటూ ఇషా పరిగెత్తుకొచ్చింది.

“రాకు! అక్కడే ఆగు!”

“నేనేం చేశాను?”

మోచేతి మడతలో ఎర్రగా చిన్న మచ్చ, దాని మీద రెండు పొక్కులు. వెల్వెట్ గుచ్చుకుని అయ్యుండొచ్చు. కాకపోనూవచ్చు. గురువారం ఇషా అమ్మ తువ్వాలుతో ముఖం తుడుచుకోవడం మృదులకు గుర్తొచ్చింది.

టీకా కార్డు మీది నంబరుకి ఫోన్ చేసి, ఫారంలో అబద్ధం రాశానని చెప్పింది. పాపను వెంటనే ఆసుపత్రికి తీసుకురండి, మీరు మాత్రం ముట్టుకోకండి అన్నారు.

మేడ మీద నుంచి భర్త సిద్ధార్థ్ దిగి వచ్చాడు. “మరి నీ జాబ్?”

“తర్వాత మాట్లాడదాం. పాపని నువ్వు నీ కార్‌లో తీసుకెళ్ళు. నేను నా కార్‌లో వెనకాలే వస్తాను.”

కామేశ్వరి పెరటి తలుపు తీసి, మంచు దులిపి, పైన్ కొమ్మ ఒకటి విరిచి మృదుల గది తలుపుకి కట్టింది.

జారే రోడ్డు మీద రెండు కార్లూ మెల్లగా కదిలాయి. ముందు కారు వెనక అద్దంలోంచి మెరూన్ గౌను కనిపిస్తోంది. ఇషా మళ్ళీ గోక్కుంటోంది. మృదుల హారన్ మోగించింది. చిన్న చెయ్యి ఆగింది. కాసేపటికి మళ్ళీ కదిలింది. మృదుల మళ్ళీ మోగించింది.