నాలుగు వేళ్ల బట్ట

షెడ్డులో పన్నెండు మగ్గాలు. ఏడో మగ్గం ముప్పై ఎనిమిదేళ్లుగా ఒకాయనదే. దెబ్బకూ దెబ్బకూ మధ్య వ్యవధి మారదని ఆయన్ని అందరూ గడియారం అంటారు. ఆరు నెలలుగా గడియారానికి కుడిచెయ్యి వణుకుతోంది. అడ్డపోగును మోసుకెళ్లే నాడె, విసిరితే సగం దారిలోనే ఆగిపోతోంది.

రిజిస్టరులో నేతకారుడి పేరు ఉన్నంతవరకే మగ్గం ఆ ఇంటిది. పేరు కొట్టేస్తే వరసలో ఉన్న మరొకరికి పోతుంది. ఏడాదికోసారి తనిఖీకి వచ్చే అధికారి ఫారంలో నేతకారుడు అన్న మాటకు అర్థం కూడా ముద్రించి ఉంది: ‘మగ్గం మీద కూర్చొని స్వయంగా బట్ట నేసే వ్యక్తి’. పోగులు అతికేవాళ్లు, కండెలు చుట్టేవాళ్లు దాని కింది గడిలో సహాయకులు. గడియారం భార్య పెళ్లయిన నాటి నుంచీ ఆ గడిలోనే ఉంది. షెడ్డు మొత్తానికి ఆమె వదిన.

ఈసారి తన పేరు పై గడిలోకి మార్చమని ఆమె అర్జీ పెట్టుకుంది. అధికారి కళ్లముందు జానెడు బట్ట నేసి చూపిస్తే మారుస్తామని జవాబు వచ్చింది.

తనిఖీ రోజు ఉదయం గడియారం అందరికంటే ముందే షెడ్డుకు వచ్చాడు. భార్యకు మగ్గం సిద్ధంగా ఉండాలని, తాను నేసి ఉంచిన బట్టను కోశాడు. కోసేటప్పుడు మూరెడు పాత పోగులను అచ్చులో వదిలిపెట్టాలి. దువ్వెన పళ్లలాంటి సన్నని బద్దల వరసే అచ్చు. కొత్త పడుగును, అంటే నిలువు పోగులను, ఆ పాత పోగులకే ఒక్కొక్కటిగా అతుకుతారు. గడియారం చెయ్యి వణికి, కత్తెర అచ్చు పక్కనే పడింది. పాత పోగులన్నీ జారి నేలమీద పడ్డాయి.

ఇప్పుడు కొత్త పడుగులోని రెండు వేల నాలుగు వందల పోగులనూ, ఒక్కొక్కటీ అచ్చు వెనక వేలాడే దారపు కంటిలోంచి, ఆ తర్వాత అచ్చు సందులోంచి దూర్చుకుంటూ పోవాలి. ఒకరు అందిస్తే ఒకరు లాగాలి. ఇద్దరికి రోజున్నర పని.

అధికారి తొమ్మిదింటికి వచ్చాడు. సంగతి విని, వచ్చే ఏడాది చూద్దామన్నాడు. వచ్చే ఏడాదికి మగ్గం ఉండదని ఎనిమిదో మగ్గం ఆయన చెప్పాడు.

“మీ బస్సు ఆరింటికి కదా సార్,” అంది వదిన. “అప్పటిదాకా కూర్చోండి.”

ఆమె అచ్చుకు ఇవతల కూర్చుంది. పోగులు అందించడానికి అవతల కూర్చున్న గడియారం చేతిలో మొదటి పోగే నిలవలేదు. మిగతావాళ్లంతా ఎవరి మగ్గం మీద వాళ్లున్నారు. వాళ్ల పనీ ఆ రోజే చూపించాలి. అధికారి కాసేపు అటూ ఇటూ చూసి, బూట్లు విప్పి, గడియారాన్ని పక్కకు జరగమన్నాడు.

పోగుల వరస తప్పిపోకుండా పడుగులో రెండు పుల్లలు దూర్చి ఉంటాయి. వాటి మీద ముందున్న పోగును తీసి అందించడమే ఆయన పని. పదిగంటలకు ఆయన వేళ్లు తడబడ్డాయి. ఆమె తల ఎత్తలేదు.

“ఇది కాదు సార్. దీని ముందుది.”

ఆయన చూసుకున్నాడు. నిజమే. పోగులన్నీ ఒకే తెలుపు, ఒకే లావు. ఎలా తెలిసిందని అడిగాడు. రావాల్సిన పోగు తిన్నగా వస్తుంది, రాకూడనిది పక్కదాన్ని లాక్కుంటూ వస్తుంది, అందామె. మధ్యాహ్నానికి ఆమె అలా పదకొండుసార్లు చెప్పింది. పదకొండుసార్లూ తప్పు ఆయనదే. తిండికి లేవమంటే ఆమె లేవలేదు. ఆయనా లేవలేదు. మూడు గంటల నుంచి ఒక్కో మగ్గం చప్పుడూ ఆగుతూ వచ్చింది. పని ముగించినవాళ్లు వచ్చి నిలబడ్డారు. ఎనిమిదో మగ్గం ఆయన, సార్‌కి ఉద్యోగం పోయినా బతుకుతెరువుకు లోటు లేదన్నాడు.

ఐదుంపావుకు ఆఖరి పోగు దూరింది. పోగులను కట్టి, బిగించి, ఆమె మగ్గం మీద కూర్చునేసరికి పావు తక్కువ ఆరు. నాడె విసిరింది. బెరుకు చేతులే, కానీ నాడె ఆగలేదు. రెండు వేళ్ల వెడల్పు వచ్చాక ఆమె ఆగి, బట్టను గోటితో తడిమి చూసింది. నిలువుగా వెంట్రుకంత గీత ఉంది. అచ్చులో ఒకే సందులో రెండు పోగులు పడ్డాయి.

ఆమె కత్తెర అందుకుంది.

“అమ్మా, వదిలెయ్యండి,” అన్నాడు అధికారి. “జానెడు అయితే చాలు నాకు.”

“మీకు చాలు సార్. ఈ గీత బట్ట చివరిదాకా వస్తుంది.”

నేసిందంతా విప్పింది. ఆ పోగు తప్పు సందులో పడడంతో దాని తర్వాత అంచుదాకా ఉన్న నలభై పోగులూ ఒక్కో సందు జరిగి ఉన్నాయి. నలభై తీసింది, నలభై దూర్చింది. రోడ్డు మీద అధికారి కోసం ఆగిన బస్సు హారన్ రెండుసార్లు మోగింది. ఆమె మళ్లీ మొదటి నుంచి నేసింది. నాలుగు వేళ్లు నేసేసరికి బస్సు వెళ్లిపోయిన చప్పుడు వినిపించింది.

“ఇక చాలమ్మా,” అని అధికారి బట్టను కొలిచాడు. వెలుతురుకు ఎత్తి చూశాడు. గీత లేదు. కొలత గడిలో ‘నాలుగు వేళ్లు’ అని ఉన్నది ఉన్నట్టు రాశాడు. కలం పట్టుకుని ఫారంలో ముద్రించిన అర్థాన్ని మళ్లీ చదివాడు. ఉదయం తొమ్మిది నుంచి తాను దేని ముందు కూర్చున్నాడో దానికి ఆ వాక్యంలో మాట లేదు. పై గడిలో ఆమె పేరు రాశాడు. వివరణ గడిలో ‘చూశాను’ అని రాసి సంతకం పెట్టాడు.

“మరి నేను?” అన్నాడు గడియారం.

“సహాయకుడు,” అన్నాడు అధికారి.

షెడ్డంతా నవ్వింది. గడియారం కింద కూర్చుని ఎడమచేత్తో కండెల బుట్ట దగ్గరికి లాక్కున్నాడు.

“ఏమే, ఎన్ని చుట్టమంటావు?”

“ముందు చేతులు కడుక్కు రండి,” అంది వదిన, బట్ట మీంచి కళ్లు తిప్పకుండా.