బ్రేకు మాస్టారి దవడ

పొద్దున్న ఆరున్నరకి డ్రైవింగ్ స్కూలు కారు మలుపు తిరిగిందంటే వీధిలో అందరూ గోడవారకి జరుగుతారు. జరుగుతారే గానీ ఎవరూ కంగారుపడరు. పక్క సీట్లో బ్రేకు మాస్టారున్నాడు కదా! నేర్చుకునేవాళ్ళు బ్రేకనుకుని ఇంకోటి తొక్కినా, స్టీరింగ్ వదిలేసి తుమ్మినా, ఆయన పళ్ళు కరుస్తాడు, కారు ఆగుతుంది. ఇలాంటి కార్లకి మాస్టారి కాళ్ళ దగ్గర ఇంకో బ్రేకుండాలి. ఈ కారుకీ ఉండేది. పాడైతే ఓనరు ఊడబీకించి మూలన పడేశాడు. మాస్టారి పళ్ళుండగా అదెందుకు, దండగ!

ఇదంతా మాస్టారి కూతురు బుజ్జమ్మకి ఆరేళ్ళప్పుడు మొదలైంది. అద్దె సైకిలు మీద పల్లంలోకి జర్రుమని జారిపోయింది పిల్ల. ఎదురుగా లారీ. గుమ్మంలో నిలబడ్డ మాస్టారికి పరిగెత్తే వ్యవధేదీ? పళ్ళు కరిచాడు. సైకిలూ ఆగింది, లారీ ఆగింది, మధ్యలో జానెడు ఎడం. లారీ డ్రైవరు దిగి, టైర్లు చూసుకుని, మాస్టారికో దణ్ణం పెట్టి తన దారిన తను పోయాడు. ఆ రోజు పడ్డ బిగువు మళ్ళీ సడల్లేదు. మెలకువలో ఉన్నప్పుడు ఊళ్ళోవాళ్ళ బండ్లయితే కళ్ళెదుట ఉంటేనే ఆగుతాయి. బుజ్జమ్మ బండికి మాత్రం ఎదుటాలేదు, చాటూలేదు.

అదే వచ్చిపడింది చిక్కు. బుజ్జమ్మకిప్పుడు ఇరవయ్యారు. లైసెన్సు పరీక్ష మూడుసార్లు తప్పింది. మూడుసార్లూ కారు ఎత్తు మీదకెక్కుతూ సగంలో టక్కున ఆగిపోయింది. మూడోసారి మాస్టారు గ్రౌండుకి వెళ్ళనే లేదు, ఇంట్లో వంటగదిలో కూర్చున్నాడు. గడియారం పదీ ఇరవై చూపించగానే, ఇప్పుడు ఎక్కుతుంటుంది కాబోలు అనుకున్నాడు. అనుకున్నాడంతే, పళ్ళు వాటంతటవే కరుచుకున్నాయి. అక్కడ కారు కదిలితే ఒట్టు!

బ్లడ్ బ్యాంకు వాళ్ళు బుజ్జమ్మకో ఉద్యోగం అట్టేపెట్టారు. దూరపు ఆసుపత్రులకి రక్తం చేరవేసే బండి నడపాలి. "ఈసారి పాసైతే వచ్చి చేరండి. లేకపోతే ఇంకొకరిని చూసుకుంటామమ్మా" అని చెప్పేశారు. పరీక్షకింకా పదిహేను రోజులుంది.

ఈలోపు మాస్టారి దవడ మొండికేసింది. చెంపల కింద కండలు నిమ్మకాయల్లా ఉబ్బాయి. పొద్దున లేస్తే నోట్లో వేలు దూరదు. రొట్టె పాలల్లో నానేసి జుర్రుకోవాల్సిందే. కణతల్లో పోటు, చెవిలో పోటు. ఒకచోట కుదురుగా కూర్చోలేక కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతుంటే, భార్య విసిగిపోయి చెయ్యి పట్టుకుని దవడ డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళింది. వెనకాలే బుజ్జమ్మ.

"పోయినసారి పళ్ళకి పెట్టుకోమని తొడుగిచ్చాను కదా?" అంది డాక్టరమ్మ.

భార్య సంచీలోంచి దాన్ని తీసి బల్ల మీద పెట్టింది. రెండు ముక్కలు.

"నిద్రలో కూడా కరుస్తారా?"

"నిద్రలోనే ఎక్కువండీ. ఈయనకి పీడకల వచ్చిందంటే మర్నాడు తెల్లారాక కూడా మా వీధిలో తోపుడుబండి కదలదు."

డాక్టరమ్మ తలూపి అదీ రాసుకుంది. "అయితే ఇంజెక్షనే మంచిది. దవడ కండలో అక్కడక్కడ చిన్న సూది. కండ మెత్తబడుతుంది, నొప్పి తగ్గుతుంది. గట్టివి నమిలితే కాస్త అలసటగా ఉండొచ్చు. పని చెయ్యడానికి వారం పది రోజులు పడుతుంది, మూణ్ణాలుగు నెలలుంటుంది. తర్వాత మళ్ళీ మామూలే."

మాస్టారు ఒంటికాలి మీద లేచాడు. "ఆ మూడు నెలలూ కార్లనెవరు ఆపుతారండీ?"

"నడిపేవాళ్ళు ఆపుకుంటారు" అంది బుజ్జమ్మ.

"నీకేం తెలుసే ఆపడం గురించి?"

"తెలీదు నాన్నా! అదేగా నా ఏడుపు. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా బ్రేకు తొక్కానా నేను? కాలు అక్కడికి వెళ్ళేలోపే నువ్వు ఆపేస్తావు. పాస్ చెయ్యమని ఎవరినడగను?"

మాస్టారు నీళ్ళు నమిలాడు. నమలగలిగింది అవే మరి. తనవల్లే పిల్ల బతుకు ఆగిపోయిందన్న మాట ఆయనకి కొత్తగా తెలిసిందేం కాదు. ఇంకొకళ్ళ నోట వినడం మాత్రం అదే మొదలు. కళ్ళు తుడుచుకుని వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు.

"పొడవండి."

రెండు చెంపలకీ సూదులు పడ్డాయి. చీమ కుట్టినంత నొప్పి, అంతే. చెంపలు రుద్దొద్దన్నారు, నాలుగ్గంటలు పడుకోవద్దన్నారు. పడుకోవడానికి మనసు నిలకడగా ఉంటేగా! మర్నాటి నుంచీ మాస్టారు వీధరుగు మీద కాపలా. నాలుగోరోజు కూరగాయల బండి వస్తుంటే పళ్ళు కరిచి చూశాడు. ఠక్కున ఆగింది. "పొద్దున్నే నాతో ఏంటి మాస్టారూ మీ పరాచికాలు!" అని బండివాడు గయ్యిమన్నాడు. ఏడోరోజు కరిస్తే బండి కాస్త తటపటాయించి సాగిపోయింది. పదోరోజుకి చెంప తడుముకుంటే ఉండలా ఉన్న కండ కాస్తా మెత్తగా చేతికి తగిలింది. నొప్పి లేదు. ఇన్నేళ్ళకి నోరు బారెడు తెరిచి ఆవులించాడు. హాయిగా ఉండాల్సింది పోయి, గబుక్కున నోరు మూసుకుని వీధి రెండు వైపులా చూశాడు. ఓనరు నోటికొచ్చినట్టు సణుక్కుంటూ కారుకి కొత్త బ్రేకు పెట్టించాడు.

పరీక్షరోజు మాస్టారు గ్రౌండుకి వెళ్ళాడు. వద్దంటే వినే మనిషా? కంచె పట్టుకుని నిలబడ్డాడు. బుజ్జమ్మ కారు ఎత్తు ఎక్కడం మొదలుపెట్టింది. సగం దూరం వెళ్ళిందో లేదో, ఎక్కణ్ణుంచి ఊడిపడిందో ఓ కుక్క అడ్డం వచ్చింది.

మాస్టారు పళ్ళు కరిచాడు. ఒంట్లో ఉన్న శక్తంతా పెట్టి కరిచాడు. పై పళ్ళూ కింది పళ్ళూ ఊరికే అలా కలుసుకుని ఊరుకున్నాయి. కారు ఆగలేదు. అయిపోయింది, నా పిల్ల అయిపోయింది అనుకున్నాడాయన.

అప్పుడు కారు వెనకాల రెండు ఎర్రలైట్లు భగ్గున వెలిగాయి. పళ్ళతో ఆపిన బండికి ఆ లైట్లు వెలగవు. కాలితో తొక్కితేనే వెలుగుతాయి. కూతురి బండికి అవి వెలగడం ఆయన చూడ్డం అదే మొదటిసారి. కుక్క తీరిగ్గా ఒళ్ళు విరుచుకుని పోయింది. కారు బెత్తెడైనా వెనక్కి జారకుండా నిలబడి, మళ్ళీ కదిలి, ఎత్తెక్కి అవతలికి దిగిపోయింది.

"పాస్!" అని అరిచింది బుజ్జమ్మ కిటికీలోంచి. మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. నవ్వాడు, ఏడ్చాడు, కంచె అవతలున్నవాళ్ళందరికీ మా అమ్మాయే, మా అమ్మాయే అని చెప్పాడు. కానీ ఇంటికెళ్తూ దారిపొడవునా ఏదో పోగొట్టుకున్నవాడిలా జేబులు తడుముకున్నాడు.

మూణ్ణెల్లు గడిచాయి. బుజ్జమ్మ రక్తం పెట్టెలతో పొద్దున్నే వెళ్తుంది, సాయంత్రానికి వస్తుంది. ఓరోజు అన్నం తింటూ, "అవతలి సోమవారం నుంచి నాకు కొండదారి వేశారు. మలుపుల్లో బండి సుతారంగా తిప్పాలట. మధ్యలో ఆగితే వెనకొచ్చే లారీవాడికి కనపడం" అంది. అంటూనే నాలిక్కరుచుకుంది. మర్నాడు పొద్దున్న ఆ బండి వీధి చివరిదాకా వెళ్ళి, ఏ కారణమూ లేకుండా ఒక్క క్షణం ఆగి, మళ్ళీ కదిలింది. అరుగు మీద కూర్చున్న మాస్టారు చటుక్కున లేచాడు. రెండు చేతులతో తన దవడ తనే పట్టుకుని కిందికి లాగాడు.

గంటలో డాక్టరమ్మ ముందున్నాడు.

"నొప్పి మొదలైందా?"

"లేదండీ."

"నోరు తెరవండి. బాగానే తెరుచుకుంటోందే! ఇంకొన్నాళ్ళు ఆగి వేద్దాం."

"ఆగకూడదమ్మా. వారం పది రోజులు పడుతుందన్నారు కదా, అవతలి సోమవారానికల్లా పని చేసెయ్యాలి. అప్పటిదాకా పళ్ళ మధ్య గుడ్డ పెట్టుకునైనా తిరుగుతాను."

ఆవిడ ఆయన మొహంలోకి చూసి, ఇంకేం అడక్కుండా చేతికి తొడుగులేసుకుంది. "సరే. కండ ఎక్కడుందో గుర్తు పెట్టుకోవాలి. ఒక్కసారి గట్టిగా పళ్ళు కరవండి."

"ఒక్క నిమిషం!" అని మాస్టారు ఫోను తీశాడు. "బుజ్జమ్మా, ఎక్కడున్నావు?"

"ఆసుపత్రి గేటు దగ్గర పెట్టెలు దింపుతున్నా నాన్నా. ఏమైంది?"

"ఏం లేదమ్మా. నేను చెప్పేదాకా బండి తియ్యకు."

ఫోను ఒళ్ళో పెట్టుకుని పళ్ళు కరిచాడు. డాక్టరమ్మ కండ తడిమి గుర్తులు పెట్టింది. బయట మందులబండి తోసుకొస్తున్న నర్సు గుమ్మంలోనే ఆగిపోయి, గోడకానుకుని ఓపిగ్గా నిలబడింది. సూదులన్నీ అయ్యాయి. మాస్టారు నోరు కొద్దిగా తెరిచి, అలాగే తెరిచి ఉంచి, ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"ఇక పోనియ్, తల్లీ" అన్నాడు.