వేరుపెట్టిన గిలాస

ఆదివారం పొద్దున అంట్లు తోముతుంటే యమున చేతికి తన గిలాస రాలేదు. అది కిటికీ గూట్లో ఒంటరిగా ఉంది. పుట్టింటివాళ్లు పేరు చెక్కించి ఇచ్చిన స్టీలు గిలాస. నాలుగు రోజుల కింద ఆమె పెదవి మీద పొక్కులు లేచినప్పుడు అత్త కళావతి దాన్ని వేరుపెట్టింది. ఎందుకని యమున అడగలేదు. అడిగితే జవాబు వినాల్సి వస్తుంది మరి.

దవాఖానలో డాక్టరు హెర్పిస్ అన్నాడు. భర్త ఓంప్రకాశ్ బట్టల దుకాణం గల్లా దగ్గర కూర్చుని ఆ మాట ఫోన్‌లో వెతికాడు. శారీరక సంబంధంతో అంటుకుంటుందన్న ఒక్క లైను చదివి మిగతాది వదిలేశాడు. "కాలేజీల పాఠం చెప్తవు కదా, నువ్వే చెప్పు. ఎక్కడికెల్లి తెచ్చుకున్నవు?" అన్నాడు. ఆ రోజు నుంచి ఆమె ఫోన్ మోగితే చాలు, అతని చెవులు నిక్కుతున్నాయి. సాయంత్రం ల్యాబ్ ఎందుకంటాడు, స్కూటీ ఉండగా బస్సెందుకెక్కావంటాడు. పెళ్లిళ్ల గిరాకీ వచ్చినప్పుడల్లా ఆయనగారి పెదవీ పొక్కుతుంది. అప్పుడు మాత్రం ఇంటిల్లిపాదీ "పాపం, వేడి చేసింది" అని సబ్జా నీళ్లు కలుపుతారు. మగవాడికైతే వేడి, ఆడదానికైతే ఆరా! యమునకు ఒళ్లు మండిపోయింది. మండుతూనే, సరుకు కోసమంటూ అతను చేసిన సూరత్ ప్రయాణాలు ఎన్నో లెక్క వేసింది. ఆ తర్వాత తన గతాన్నీ తవ్వుకుంది, ఎవరి బాటిల్‌లో నీళ్లు తాగానా అని. అనుమానం పొక్కు కన్నా తొందరగా అంటుకుంటోందని భయమేసింది.

ఈ పాఠం ఏటా చెప్పేది తనే. చాలామందికి ఈ వైరస్ చిన్నప్పుడే వస్తుంది. వచ్చి నరాల కణాల్లో దాక్కుంటుంది. కణం ఆ వైరస్ డీఎన్‌ఏని హిస్టోన్లనే ప్రోటీన్లకు చుట్టి బిగించేస్తుంది. ఆ చుట్టే క్రొమాటిన్. చుట్ట బిగుసుకున్నంతకాలం వైరస్ జన్యువులు పలకవు. ఏళ్లకేళ్లు అలాగే పడుంటాయి. జ్వరం వచ్చినా, నిద్ర లేకపోయినా, మనసు నలిగినా చుట్ట వదులవుతుంది, జన్యువులు నోరు విప్పుతాయి. ఎప్పుడొచ్చింది, ఎవరి నుంచి వచ్చింది అన్నది పొక్కును చూసి ఎవరూ చెప్పలేరు. పరీక్షల పేపర్లు దిద్దుతూ ఈ ఇంటి పనంతా మోసిన నెలలో తన చుట్ట వదులైంది, అంతే.

ముందు గదిలో ఓంప్రకాశ్ కాగితం పట్టుకుని కూర్చున్నాడు. ఆమె కాలేజీ కొలువుకు జిరాక్సు దుకాణంలో టైపు చేయించిన రాజీనామా. ఆమె సంతకం ఒక్కటే తక్కువ.

కళావతి వంటింట్లోకి వచ్చి గొంతు తగ్గించింది. "గా పొక్కుల రోగం చిన్నప్పటి సంది ఉంటదా బిడ్డా?"

"ఉంటదత్తమ్మా. ముద్దాడినా వస్తది."

"ఓం చంటిపిల్లగానిగున్నప్పుడు నాకు మూతినిండ పొక్కులే. మీ మామ గిట్లనే అడిగిండు. ఏడాది దాక నా గిలాస గూట్లెనే ఉండె."

యమున చేతిలో పీచు ఆగిపోయింది. "మరి మీ కొడుక్కు చెప్పరాదు?"

"ఇప్పుడెందుకు తియ్ బిడ్డా" అని కళావతి మొహం తిప్పుకుంది.

యమున చేతులు తుడుచుకుని ముందు గదిలోకి వెళ్లింది. కాగితం అందుకుని వెనక్కి తిప్పింది. ఖాళీ వైపున గుండ్రాలు గీసి, వాటి చుట్టూ దారాల్లా గీతలు చుట్టింది. రేపటి క్లాసులో వేయాల్సిన క్రొమాటిన్ బొమ్మ.

"సంతకమేది?" అన్నాడు.

"పెట్ట. కొలువు ఇడువ. పెండ్లిళ్ల సీజన్‌ల మీ మూతికొచ్చే పొక్కు, అది ఎక్కడిదో చెప్పుండ్రి."

"అది వేడి."

"ఎవరిచ్చిన్రు?"

ఓంప్రకాశ్ లేచి నిలబడ్డాడు.

"నేనే, కొడుకా."

వంటింటి గుమ్మంలో కళావతి నిలబడి ఉంది. గూట్లోని యమున గిలాస ఆమె చేతిలో ఉంది. దాన్ని నిండా నీళ్లతో నింపుకుని, కొడుకు చూస్తుండగానే అంచు పెదవికి తాకించి గటగటా తాగింది.