గేర్లున్న బండి

చెన్నకేశవరావుకి పోర్షే 911 మీద మోజు పెళ్ళికి ముందే పుట్టింది. పొలం పెరిగింది, రైసుమిల్లు వచ్చింది, తల నెరిసింది, మోజు మాత్రం నెరవలేదు. చివరికి ఈ ఏడు, పాత కార్లు అమ్మే హైదరాబాదు వ్యాపారి ప్రకాశ్ రెండింటిని లారీ మీద కన్నడనాట వాళ్ళుండే ఊరు పోతనాళకి తెచ్చి దించాడు. నచ్చింది ఉంచుకుంటే రెండోది వెనక్కి తీసుకుపోతాడు.

ఒకటి టర్బో. గేర్లు అదే మార్చుకుంటుంది, నాలుగు చక్రాలూ లాగుతాయి. రెండోది జీటీ త్రీ. వెనక సీట్లు లేవు, చేత్తో గేరు వెయ్యాలి, కాలితో క్లచ్ తొక్కాలి. పొట్ట నేలకి మరీ దగ్గర. మన స్పీడు బ్రేకర్లు కట్టినవాళ్ళు ఇలాంటిదొకటి ఇటు వస్తుందని కలలో కూడా అనుకుని ఉండరు.

అసలు ఎంచుకోవడానికేముంది? మిల్లులో బస్తాలు దొర్లి ఎడమ మోకాలు పాడైనప్పటి నుంచి ఆయన క్లచ్ తొక్కలేడు. నడపాలంటే టర్బోనే. భార్య శివపార్వతికి ఆ సంగతి తెలుసు. తెలిసే, తన మనసు జీటీ త్రీ మీద పడిందని పెదవి దాటనివ్వలేదు. ఆయన మంచాన పడ్డ ఆ పంటకి వడ్ల ట్రాక్టరు తనే తోలింది. ఆడమనిషి ట్రాక్టరెక్కిందని కాలవ గట్టు మీద నవ్వినవాళ్ళు నవ్వారు. కానీ గేరు పడ్డప్పుడు బండి తన మాట వింటుంది చూడండి, ఆ సుఖం ఆవిడని వదల్లేదు. అలాగని మొగుడి ఇన్నేళ్ళ ఆశకి అడ్డుపడే మనిషి కాదు. అందుకే పొద్దుటి నుంచీ టర్బోనే తెగ పొగుడుతోంది.

అంతా టర్బో చుట్టూ మూగి ఉండగా ఆవిడ మెల్లగా జీటీ త్రీలో కూర్చుని గేరు రాడ్డు మీద చెయ్యి వేసింది. కళ్ళు మూసుకుని పాలు తాగే పిల్లి తననెవరూ చూడట్లేదనుకుంటుంది. చెన్నకేశవరావు చూశాడు. కుంటుకుంటూ వచ్చి పక్క సీట్లో కూలబడి, కాలవ రోడ్డు దాకా పోనిమ్మన్నాడు.

క్లచ్ గట్టిగా ఉంటుందని ప్రకాశ్ హెచ్చరించాడు. ట్రాక్టరు తోలిన కాలికి అదొక లెక్కా? బండి ఒక్క కుదుపు లేకుండా కదిలింది. రెండో గేరు, మూడో గేరు. వెనక ఇంజను గర్జిస్తుంటే నాట్లేసేవాళ్ళు నడుములెత్తారు. వాళ్ళలో రంగవ్వ బురద చెయ్యి పైకెత్తి కన్నడంలో ఏదో మెచ్చుకోలు కేకేసింది. అప్పుడు నవ్వినవాళ్ళూ గట్టు మీదే ఉన్నారు, ఈసారి ఎవరూ నవ్వలేదు. శివపార్వతికి గర్వంతో గుండె నిండిపోయింది. చాలు, ఇక ఇది వెనక్కి పోయినా బాధ లేదనుకుంది.

తిరిగొచ్చాక ఆయన దిగలేదు. అద్దం దించి ప్రకాశ్‌ని పిలిచి, టర్బోని లారీ ఎక్కించమన్నాడు.

"అదేంటండీ, ఇన్నేళ్ళ ఆశ కదా మీది" అంది శివపార్వతి.

"ఆ పంటకి నువ్వు ట్రాక్టరు తోలుతుంటే ఊరంతా చూసింది పార్వతీ. నేనొక్కణ్ణే మంచాన పడి చూళ్ళేకపోయాను. ఇంక పక్కనే కూర్చుని చూస్తా. పోనియ్యి, ఇంకో చుట్టు."

శివపార్వతి కొంగుతో కళ్ళు తుడుచుకుని ఫస్టు గేరు వేసింది.