జల్లెడ (ఆటగాడు)

"వస్తాయండీ, పైపు పగిలింది, మనుషులు వెళ్ళారు," అని అరిగిపోయిన గొంతుతో మళ్ళీ చెప్పి ఆమె ఫోను పెట్టేసింది. నీటి సరఫరా కార్యాలయంలో ఫిర్యాదుల బల్ల ఆమెది. పైపులన్నీ తనే పగలగొట్టినట్టు ఊరంతా ఆమెనే తిడుతుంది. తిట్టనీ పాపం, ఇంకెవరిని తిడతారు?

ఫోను మోగని కాసేపూ ఆమె కంప్యూటరులో ఇంకో పేజీ తెరుస్తుంది. ఎవరైనా రాయగల, ఎవరైనా దిద్దగల విజ్ఞాన సర్వస్వం అది. ఏళ్ళ తరబడి జీతం బత్తెం లేని చాకిరీ చేసి అక్కడ నిర్వాహకురాలైంది. అంటే ఒక్క మీట నొక్కి ఏ వ్యాసానికైనా పేరు మార్చగలదు. మార్చగలదు గానీ మార్చకూడదు, అదే చిక్కు. ముందు చర్చ పెట్టాలి, వారం ఆగాలి, సొంతవాళ్ళ పేజీ అయితే తీర్పు ఇంకొకరికి వదిలెయ్యాలి.

ఆమె పెట్టిన ఒక చర్చ గడువు ఇవాళ్టితో సరి. వ్యాసం ఆమె అన్నయ్య మీద. దాని పేరు "జల్లెడ (ఆటగాడు)". ఆయన ఒకప్పుడు మంచి గోల్‌కీపర్. ఒక్క ఫైనల్లో బంతులు వరసపెట్టి వలలో పడ్డాయి. మర్నాడు పత్రికలన్నీ జల్లెడ అన్నాయి. అంతే, ఆ తర్వాత ఎన్ని గోల్స్ ఆపినా ఆ పేరును మాత్రం ఆపలేకపోయాడు. బ్రాకెట్లో ఆటగాడు ఎందుకంటే, ఉత్త జల్లెడ అంటే పిండి జల్లించేది వస్తుంది. వంటింటి సామానుకున్న మర్యాద మనిషికి లేకపోయింది!

ఊపిరితిత్తులు చెడి ఆయన చెల్లెలింట్లోనే మంచం పట్టాడు. డాక్టరు చేతులెత్తేశాడు. ఆయన అడిగింది ఒక్కటే: "నేను పోయేలోపు ఆ పేజీకి అమ్మ పెట్టిన పేరు పెట్టించవే."

చర్చలో ముందుగా కాదన్నది అక్కడే వ్యాసాలు దిద్దే ఒక లెక్కల మాస్టారు. ఈ పని ఆమె దగ్గరే నేర్చుకున్నాడు. "అక్కయ్యా, ఏమీ అనుకోకండి. పేరు మనం పెట్టం, జనం పిలిచేదే రాస్తాం అని నేర్పింది మీరే కదా. పత్రికలన్నీ జల్లెడ అనే రాశాయి. అసలు పేరుతో రాసినవి చూపించండి, నేనే మీ వైపు వస్తాను."

వారమంతా పాత పత్రికలు తిరగేసింది. దొరికినవి ఒకటీ అరా. తల ప్రాణం తోకకొచ్చింది. ఇవాళ మధ్యాహ్నం పేరు మార్చే మీట మీద వేలు పెట్టింది కూడా. నొక్కితే ఎవరో ఒకరు గంటలో వెనక్కి తిప్పేస్తారు. ఆ గంట చాలదా అన్నయ్యకు? కానీ ఇలాగే అభిమానం కొద్దీ పేర్లు మార్చినవాళ్ళకు తను ఎన్ని నీతులు చెప్పింది! వేలు తీసేసింది. తన మీద తనకే అసహ్యం వేసింది. నొక్కబోయినందుకో, నొక్కనందుకో ఆమెకే తెలియలేదు.

సాయంత్రం చర్చతో సంబంధం లేని ఇంకో నిర్వాహకుడు తీర్పు రాశాడు: "పేరు మార్పు లేదు. అసలు పేరుతో వెతికినా ఈ పేజీకే చేరేలా దారిమార్పు పెట్టాను."

బస్సులో నిలబడి ఇల్లు చేరేసరికి కాళ్ళు పీకేస్తున్నాయి. అన్నయ్య దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు.

"మారిందా?"

"లేదన్నయ్యా." అబద్ధమాడే ఓపిక కూడా లేదు. "కానీ నీ పేరు కొడితే నీ పేజీయే వస్తుంది. ఇదిగో, నువ్వే చూడు." తన ఫోను ఆయన చేతికిచ్చింది.

బంతులు తగిలి వంకరపోయిన వేళ్ళతో ఒక్కో అక్షరమే వెతుక్కుని కొట్టాడు. పేజీ తెరుచుకుంది. పైన పెద్ద అక్షరాల్లో జల్లెడ. దాని కింద, చీమ తలకాయంత అక్షరాల్లో, ఫలానా పేరు నుంచి దారి మళ్ళిందని ఒక ముక్క. ఆ ఫలానా పేరే ఆయనది.

ఆయన కళ్ళు చిట్లించి చాలాసేపు చూశాడు. "ఓరినీ! నన్ను పిలిస్తే వాడొచ్చాడేమిటే?" అని నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగింది.

ఆమెకు ఏడుపు ఆగలేదు. "మీట నా చేతిలోనే ఉందన్నయ్యా. నొక్కెయ్యాల్సింది."

"పిచ్చిమొహమా, మనకెందుకే దొంగ గోలు? వెళ్ళి కాస్త టీ పెట్టు."

టీ తెచ్చేసరికి ఆయన తల పక్కకు వాలి ఉంది. పిలిచింది. భుజం పట్టి కుదిపింది. గ్లాసు కింద పెట్టి మంచం అంచున అలాగే కూర్చుండిపోయింది.

దుప్పటి మీద ఫోను ఇంకా వెలుగుతోంది. వెతికే పెట్టెలో ఆయన తన పేరు మళ్ళీ మొదలుపెట్టినట్టున్నాడు. ఇంటిపేరు దాకా వచ్చి ఆగింది.