మీట లేని పొయ్యి

నేను ఒక పొయ్యిని. మంట లేదు, మీట లేదు. రెండు అల్యూమినియం రేకులు, వాటి నడుమ ఒక తీగ చుట్ట, తోకలాగా ఒక వైరు. గోడకి గుచ్చితే కాలతాను, పీకితే చల్లారతాను. అంతకు మించి తెలివి లేదు. ఇజ్రాయెల్‌లో నన్ను ప్లాటా అంటారు.

పుట్టింది హోలోన్‌లో ఒక రేకుల షెడ్డులో. నన్ను మడిచినవాడికి మాటలు తక్కువ. పనయ్యాక గోడకి గుచ్చి నా మీద ఉమ్మేశాడు. చుయ్‌మన్నాను. పెట్టెలో పెట్టేశాడు. నాకు జరిగిన పరీక్ష అదొక్కటే. మనుషులకి ఇంకా చాలా ఉంటాయని తరవాత చూశాను.

అష్‌దోద్ రేవులో క్రేను నడిపే షిమోన్ నన్ను కొని, భార్య మజల్ చేతికిచ్చాడు. నాలుగో అంతస్తు, వంటింటి కిటికీలోంచి ఓడలు. వారమంతా నన్ను గోడకి చేరేసి ఉంచేవారు. శుక్రవారం వస్తే ఊరు ఊరంతా పరుగే. రొట్టెలు, చేపలు, కొత్తిమీర కట్టలు, మెట్ల మీద ఆయాసాలు. ఎందుకంటే పొద్దు గూకిందంటే యూదులకి విశ్రాంతి దినం మొదలు, నిప్పు రాజేయకూడదు, ఆర్పకూడదు. మళ్ళీ శనివారం సాయంత్రం చుక్క పొడిచేదాకా అంతే. నిప్పు ముట్టుకోకూడదు గానీ వేడన్నం కావాలి. ఆ రెంటి మధ్యా నన్ను ఇరికించారు. పొద్దుండగానే నన్ను గోడకి గుచ్చి, గోధుమలు, శనగలు, మాంసం, పెంకుతో సహా గుడ్లు వేసిన హమీన్ కుండ నా నెత్తినెట్టి, పైన పాత దుప్పటి కప్పేవారు. శనివారం మధ్యాహ్నం దాకా అది నా మీద కుతకుతమంటూనే ఉండేది. నాకు కునుకు ఉండేది కాదు.

షిమోన్ పోయాడు. మజల్‌కి కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి. ఆమెను చూసుకునే పనికి అప్పుడొచ్చింది సలోమి. కోనసీమలో రాజోలు దగ్గర మనిషి. అంతకుముందు ఇంటివాళ్ళు నెలకే వద్దన్నారు. ఇక్కడా కుదరకపోతే ఇక విమానం ఎక్కడమే అని ఏజెన్సీవాడు చెప్పి పంపాడు. మజల్ కూతురు యాఫిత్ కూడా గుమ్మంలోనే చెప్పేసింది.

"వారం చూస్తాం. నచ్చకపోతే ఆదివారం ఏజెన్సీకి ఫోన్ చేస్తా."

మందులు చూపించారు, స్నానం పీట చూపించారు. నా సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు. తమకు తెలిసింది లోకమంతటికీ తెలుసనుకుంటారు మనుషులు.

శనివారం తెల్లారగట్ల సలోమి వంటింట్లోకొచ్చింది. నా మీద చెయ్యి పెట్టి చురుక్కుమంటే తీసింది.

"ఓరి నాయనో! నిన్న సందేళ ఎట్టిన పొయ్యి ఇంకా మండతానే ఉంది. ముసలమ్మ మర్చిపోయుంటాది. ఎంత కరెంటు దండగ!"

వైరు పట్టుకుని పీకేసింది. మంచి పని చేశానని కూనిరాగం తీస్తూ నా చుట్టూ గుడ్డతో తుడిచింది కూడా. నేను టిక్కు టిక్కుమంటూ చల్లారిపోయాను. నా ప్రాణం నా చేతుల్లో లేదని ఆరోజు తెలిసింది.

మధ్యాహ్నం ప్రార్థన నుంచి అందరూ వచ్చారు. అల్లుడు అవ్‌నేర్ మూత తీశాడు. కొవ్వు తెల్లగా పేరుకుపోయి ఉంది.

"ఎవరు పీకారు?" అంది యాఫిత్.

"నేనే" అంది సలోమి, నవ్వుతూ. "మీరు మర్చిపోయారు కదా!"

ఎవరూ నవ్వలేదు. తిరిగి గుచ్చడానికి వాళ్ళ చెయ్యి రాదు. సలోమి యూదురాలు కాదు, ఆమె గుచ్చొచ్చు, కానీ నోరు తెరిచి ఆమెను గుచ్చమనడం కూడా తప్పే. అడక్కుండా అడగాలి. ఇక మొదలెట్టారు.

"చల్లటి హమీన్ కన్నా రేవులో రాళ్ళు నయం" అన్నాడు అవ్‌నేర్, కిటికీ వైపు చూస్తూ.

"ప్లాటా వేడిగా ఉంటే ఎంత బాగుండేది!" అంది మనవరాలు.

"అవును, పాపం" అంది సలోమి. దుప్పటి ఇంకొంచెం గట్టిగా కప్పింది.

యాఫిత్ మొహం ఎర్రబడింది. తల్లి చెవి దగ్గర వంగి, "ఆదివారం" అంది. సలోమికి వచ్చిన అరకొర హీబ్రూలో ఆ ముక్క ఉంది. చేతిలో గుడ్డ నలిగిపోయింది.

అప్పుడు మజల్ తన చక్రాల కుర్చీని గోడ వైపుకి తిప్పుకుంది.

"ఓ గోడా, మా సంగతి వదిలెయ్యి. పొద్దుటినుంచీ ఈ పిల్ల ఏమీ తినలేదు. తన అన్నం డబ్బా కూడా చల్లగానే ఉంది. వింటున్నావా గోడా?"

సలోమి నిలబడిపోయింది. గోడతో మాటలు! వాళ్ళత్త ఏనాడూ కోడలికి ఎదురుగా పని చెప్పి ఎరగదు. వసారాలో రాటతో చెప్పేది, "ఒసే రాటా, గాబులో నీళ్ళయిపోయినియ్యే" అని. ఏడేళ్ళు ఆ రాట తరఫున సలోమే నీళ్ళు తోడింది.

"ఓలమ్మో, మా అత్త ఈడకీ వచ్చేసింది!" అంది తెలుగులో. గబగబా తన పప్పన్నం డబ్బా తెచ్చి, కుండ పక్కన నా మూల మీద పెట్టి, వైరు గుచ్చింది. గోడ వైపు తిరిగి వచ్చీరాని హీబ్రూలో చెప్పింది.

"గోడా, నాకు ఆకలి. నా అన్నం నేను వేడి చేసుకుంటున్నాను."

అవ్‌నేర్ పైకప్పు కేసి చూశాడు. "ఆవిడ తనకోసం పెట్టుకుంది. మనకేం సంబంధం?"

మూడింటికి అందరూ తిన్నారు. ఆదివారం వచ్చింది. ఏజెన్సీకి ఎవరూ ఫోన్ చెయ్యలేదు.

నాలుగేళ్ళు గడిచాయి, మజల్ సలోమికి అవ్వ అయింది. సలోమి మళ్ళీ పీకలేదు. అయినా నాకు నెమ్మది లేదు. ప్రతి శనివారం తెల్లారగట్ల ఆమె అడుగు వినపడగానే లోపలి తీగ బిగుసుకునేది.

పోయిన చలికాలం మజల్ పోయింది. ఇల్లు ఖాళీ చేశారు. ఆ ఊళ్ళో పనికొచ్చే వస్తువుని చెత్తలో వెయ్యరు, చెత్తడబ్బా పక్కన పిట్టగోడ మీద పెడతారు, కావలసినవాళ్ళు పట్టుకుపోతారు. నన్నూ పెట్టారు. ఆరోజూ శుక్రవారమే. జనం పరుగు మీదున్నారు. చినుకులు మొదలయ్యాయి.

సలోమి అప్పటికి రెండు వీధుల అవతల ఒక ముసలాయన దగ్గర కుదిరింది. ఆయన కుర్చీ తోసుకుంటూ అటే వచ్చింది. యాఫిత్ ఆమెను చూసింది. పలకరించలేదు. చెత్తడబ్బాతో అంది.

"మా అమ్మ ప్లాటా. తడిసిపోతోంది."

సలోమి చక్రాల కుర్చీతో అంది. "బరువైనా మొయ్యాలి మరి." నన్నెత్తి ముసలాయన ఒళ్ళో పెట్టింది.

"నేనేమన్నా బండినా?" అన్నాడాయన.

ఆయనకి దేవుడి మీద నమ్మకం లేదు. శనివారం కూడా సిగరెట్టు వెలిగిస్తాడు. ఆ ఇంట్లో నాతో ఎవరికీ పని లేదు. అయినా పొద్దుండగానే సలోమి నన్ను గుచ్చింది. నా మీద పప్పు గిన్నె పెట్టింది.

"ఇదంతా ఎవరికి?" అన్నాడు. ఆమె గిన్నె మీద దుప్పటి కప్పింది.

తెల్లారగట్ల అడుగు వినపడింది. అదే అడుగు. నా మీద చెయ్యి పెట్టింది, చురుక్కుమంటే తీసింది. వైరు పట్టుకుంది. ఈ ఇంట్లో పీకినా అడిగేవాళ్ళు లేరు. కరెంటు దండగే మరి.

గోడకేసి తిరిగింది.

"మండతానే ఉందిలే, అవ్వా" అంది. వైరు వదిలేసి, గిన్నె మీద దుప్పటి సర్దింది.